కాబోయే అల్లుడు పంపిన పేడ

పోయిన వారం మనం ఎరువులమ్మని ఆవిడ పాకలో, బోర్లించిన బకెట్ మీద, నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

ఆవిణ్ణి అందరూ ఎరువులమ్మ అనేది ఊరికే కాదు. పేడా, ఎండుటాకులూ వానపాములకి తినిపించి, అవి తయారుచేసిన నల్లటి ఎరువుని జల్లెడ పట్టి, సంచులకెత్తి అమ్ముతుంది. ఆ వానపాములు బజారులో కొన్నవి కావు. వాళ్ళమ్మ చేతి నుంచి ఒక కుండలో తెచ్చుకున్న వంశం. ఆ ఒక్క కుండే పెరిగి పెరిగి పాక పొడుగునా ఇటుక తొట్లన్నీ నిండాయి. కంటికి రెప్పలా చూసుకున్న అలాంటి పురుగులు ఉన్నట్టుండి అన్ని తొట్లలోనూ చచ్చిపోయాయి. విత్తనానికైనా ఒక్కటి మిగల్లేదు. ఇది ఎవరో కళ్ళల్లో నిప్పులు పోసుకున్నవాళ్ళ పనే అని ఎరువులమ్మ తీర్మానించేసింది. ఆ మనిషెవరో తేలేదాకా ఈ ఇంట్లో పెళ్ళి మాట ఎత్తడానికి వీల్లేదని కూడా కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

పెళ్ళి ఎవరికంటారా? ఆవిడ కూతురికీ, మన పశువుల డాక్టరుకీ. ఆ మాట వినగానే డాక్టరు గుండె మీద చెయ్యి వేసుకుని, "ఆ మనిషిని నేను పట్టుకొచ్చి మీ ముందు నిలబెడతానండీ అత్తయ్యగారూ" అని మాటిచ్చాడు. నలుగురూ వినేలా ఇచ్చాడు. ఇదిగో, ఈ ఉదయం ఆ మాట నిలబెట్టుకోవడానికి వచ్చాడు.

మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెళ్ళో భూతద్దం, చేతిలో మూతల సీసాల సంచీ. అతని వాలకం చూసి, వసారాలో మిషన్ మీద ఎరువుల సంచులు కుడుతున్న కాబోయే మామగారు కళ్ళజోడు పైకెత్తాడు.

"శవపరీక్షకి వచ్చారా డాక్టరుగారూ?"

"నేరస్థుణ్ణి పట్టుకోవడానికండీ."

"పట్టుకోండి, పట్టుకోండి. మా ఆవిడ అన్నం మానేసింది. అంతకంటే ముఖ్యం, నాకు వండటం మానేసింది."

డాక్టరు తొట్ల మీద చల్లే నీళ్ళు ఒక సీసాలో పట్టాడు. అడుగున పరిచే గడ్డిని మరో సీసాలో కుక్కాడు. కప్పే గోనెపట్టాలో కొంచెం కత్తిరించాడు. కత్తిరించిన ప్రతిదానికీ భూతద్దం పెట్టి, "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" లో ఏమీ లేదని అతనికీ తెలుసు. కానీ బకెట్ మీద కూర్చున్న ఎరువులమ్మ ఒక కన్నుతో ఇటే చూస్తోంది. మరి ఏదో ఒకటి అనాలి కదా.

పాక వెనక, కూతురు ఎరువులు చేరవేసే వ్యాను కడుగుతోంది. ఆ వ్యాను నడిపేది తనే. ఇంట్లో ఆమెని గడుగ్గాయి అని పిలుస్తారు. పిల్లప్పుడు పెట్టిన పేరు, ఇప్పటికీ మార్చాల్సిన అవసరం రాలేదు.

"ఏం తేలింది డాక్టరుగారూ?"

"నీళ్ళలో లేదు. గడ్డిలో లేదు. వీధి చివర రసాయన ఎరువుల కొట్టాయన మీదే మీ అమ్మకి అనుమానం. నాకూ కొంచెం అలాగే ఉంది."

"ఒక సంగతి అడగనా?" ఆమె నీళ్ళ గొట్టం కట్టేసి, వ్యాను పక్కనున్న పేడకుప్ప వైపు చూపించింది. "ఇది మీ అక్కగారి డెయిరీ నుంచి మీరు పంపిందే. అమ్మ ఇందులో సగం తీసి అన్ని తొట్లకీ వేసింది, సగం మిగిలింది. మామూలుగా పేడకుప్ప పడితే తెల్లారేసరికి పేడపురుగులు దాన్ని తూట్లు పొడిచేస్తాయి. ఇది చూడండి. వచ్చి ఇన్నాళ్ళయింది, సిమెంటు పోసినట్టు ఎలా ఉన్నది అలాగే ఉంది."

డాక్టరు ఒక పుల్ల తీసుకుని పైపెచ్చు పగలగొట్టాడు. లోపల ఒక్క ప్రాణి కదల్లేదు. అంచున ఒక పేడపురుగు మాత్రం కాళ్ళు ఆకాశానికి పెట్టి పడుకుంది. భూతద్దం కూడా అక్కర్లేకుండానే కనిపిస్తోంది. ఈసారి అతను "ఊఁ" అనలేదు.

 పేడ పంపేముందు తను చేసిన పని అతనికి గుర్తొచ్చింది. అక్క డెయిరీలో ఉన్న ఆవులన్నిటినీ వరసగా నిలబెట్టి, నులిపురుగుల మందు పట్టించాడు. మామూలుది కూడా కాదు. రెండు మందులు కలిసిన కొత్తరకం, చాలా రోజులు పనిచేసేది. ఏ ఆవుకీ జబ్బు లేదు. అయినా పోశాడు. మందు ఆవు కడుపులో పని చేసి అక్కడితో ఆగిపోదు కదా. పేడతో బయటికి వస్తుంది, వచ్చాక కూడా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. చదువుకున్న సంగతే. కానీ పేడ బండి ఎక్కిస్తున్నప్పుడు, కాబోయే అత్తగారి మొహం తప్ప అతనికి ఇంకేమీ గుర్తురాలేదు.

గడుగ్గాయి అతని మొహం చూసింది. అక్కడ అంతా చదువుకోవచ్చు.

"మీరేనా?"

"నేనే."

"పట్టుకొచ్చి నిలబెడతానన్న మనిషి?"

"ఆ మనిషే."

ఆమె పెదవి కొరుక్కుంది. అయినా ఆగలేదు. వ్యాను తలుపుకి ఆనుకుని, చప్పుడు రాకుండా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. "అయితే పట్టుకెళ్ళండి మరి" అంది ఊపిరి తిప్పుకుని.

"నవ్వుతావేంటి? పెళ్ళి ఆగిపోతుంది."

"అందుకే ముందే నవ్వేసుకుంటున్నా. తర్వాత ఏడవాలి కదా."

డాక్టరుకి ఒక పాడు ఆలోచన రాకపోలేదు. నీళ్ళలో ఏదో ఉందనో, ఎండ ఎక్కువైందనో ఏదో ఒకటి చెప్పేస్తే పెళ్ళి పెళ్ళిలా జరిగిపోతుంది. ఆ ఆలోచన ఇంకా పూర్తికాకుండానే పాకలో బకెట్ దొర్లిన చప్పుడైంది. ఎరువులమ్మ లేచింది. చెప్పులు వేసుకుని, జుట్టు గట్టిగా ముడివేసుకుని, గేటు వైపు నడిచింది. ఆవిడ జుట్టు ముడివేసుకుందంటే ఎవరికో మూడిందని ఆ వీధిలో అందరికీ తెలుసు.

డాక్టరు పరుగున వెళ్ళి గేటుకి అడ్డం నిలబడ్డాడు.

"పక్కకి జరగండి డాక్టరుగారూ. ఆ కొట్టాయన సంగతి ఇవాళ తేల్చుకుని వస్తాను."

"ఆయన కాదండీ అత్తయ్యగారూ."

"మరెవరు? దొరికాడా?"

"దొరికాడండీ. మాటిచ్చానుగా, తీసుకొచ్చాను."

ఎరువులమ్మ అతని భుజం మీదుగా వీధిలోకి చూసింది. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. "ఏడీ?"

"మీ ముందే నిలబడ్డాడండీ."

మిషన్ చప్పుడు ఆగిపోయింది. డాక్టరు నీళ్ళు నములుతూ, మధ్యమధ్యలో గొంతు సవరించుకుంటూ, మందు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. చెప్పడం అయ్యేసరికి అతని చెవులు ఎర్రబడిపోయాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"నువ్వా?" అంది ఎరువులమ్మ.

సంబంధం కుదిరిన రోజు నుంచీ ఆవిడ అతన్ని మీరు, మీరు అంటూ నెత్తిన పెట్టుకుంది. ఇవాళ నువ్వు అంది. పెళ్ళి ఇక లేదని డాక్టరు ఆ ఒక్క మాటతోనే లెక్క వేసుకున్నాడు.

"ఎందుకు పోశావు? వాటికేమన్నా జబ్బు చేసిందా?"

"లేదండీ. మీకు మొదటిసారి పంపుతున్న పేడ కదా, శుభ్రంగా ఉండాలని. ఆవు కడుపులో నులిపురుగులుంటే వాటి గుడ్లు పేడలోకి వస్తాయి. అవి మీ వానపాములకి అంటుకుంటాయేమోనని భయమేసి..."

"నా పురుగులకి పురుగులు పడతాయని, పురుగుల మందు పెట్టి పంపించావా?"

వసారాలో మామగారు దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది. ఎరువులమ్మ అటు తిరక్కుండానే, "మీరు ఊరుకోండి" అంది.

"మందు పోశాక పాలు కొన్నాళ్ళు వాడొద్దని చెప్తారు కదా మీరంతా?"

"చెప్తామండీ. సీసా మీద రాసే ఉంటుంది."

"మరి పేడ సంగతి?"

"రాసి లేదండీ. నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. పాలు మనం తాగుతాం కాబట్టి లెక్కపెట్టుకున్నాం. పేడ మట్టిలోకి పోతుంది కదా అని వదిలేశాం. మట్టిలో ఉన్నవాళ్ళు ఏం తింటారో చూడలేదు."

 ఎరువులమ్మ గేటు పట్టుకుంది. "అది మా అమ్మ ఇచ్చిన కుండరా నాయనా" అంది మెల్లిగా. తిట్టి ఉంటే డాక్టరుకి ఎంతో బాగుండేది. ఆ మాటకి అతని కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

అప్పుడు మామగారు మిషన్ దగ్గర నుంచి లేచి, తాపీగా భార్య దగ్గరికి నడిచి వచ్చాడు.

"అంతా బాగానే ఉంది. ఒక్కటి చెప్పవోయ్. రుచి చూపించావా?"

ఎరువులమ్మ మొహం చటుక్కున మారిపోయింది.

రుచి చూపించడం అంటే ఏమిటో చెప్పాలి. ఆ ఇంట్లో ఏ కొత్త పేడ వచ్చినా నేరుగా తొట్లలోకి పోదు. ముందు ఒక డబ్బాలో కాస్త వేసి, కొన్ని వానపాముల్ని అందులో వదులుతుంది ఎరువులమ్మ. మర్నాటికి అవి లోపలికి దూరి హాయిగా తింటూ ఉంటే ఆ పేడ మంచిది. గోడలెక్కి పారిపోవాలని చూస్తుంటే ఎంత దూరం నుంచి వచ్చిన బండైనా వెనక్కి తిరగాల్సిందే. స్వయానా తమ్ముడు పంపిన పేడని కూడా అలాగే తిప్పి పంపేసింది. ఆ తమ్ముడు ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. అయినా ఆవిడ ఈ నియమం ఏనాడూ తప్పలేదు.

"నిన్నే అడిగేది. ఈ పేడ పురుగులకి రుచి చూపించావా లేదా?"

ఎరువులమ్మ చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగుతూ నిదానంగా తీసింది. "లేదు" అంది నేల చూస్తూ.

"ఏం, ఎందుకని?"

"ఎందుకంటే ఏం చెప్పను? కాబోయే అల్లుడు ముచ్చటపడి పంపిన పేడ. డబ్బాలో వేసి పరీక్ష పెట్టానని రేపు వాళ్ళక్కగారి చెవిన పడితే ఏం బాగుంటుంది? పిల్లాణ్ణి అనుమానించినట్టు ఉండదూ?"

 మామగారు చెయ్యెత్తి తీర్పు చెప్పేశాడు.

"అంటే ఈయనగారు మర్యాదకి మందు పోశాడు. నువ్వు మర్యాదకి పరీక్ష మానేశావు. మధ్యలో మర్యాద తెలియని పురుగులు చచ్చాయి."

ముందు గడుగ్గాయి పకపకా నవ్వింది. తర్వాత మామగారు. డాక్టరు నవ్వొచ్చో లేదో తెలియక పళ్ళు బిగబట్టాడు. ఎరువులమ్మ ముగ్గురినీ కొరకొరా చూసింది. ఆ చూపు కూడా ఎంతోసేపు నిలబడలేదు. మూతి ఒక పక్కకి వంకర పోయింది, భుజాలు కదిలాయి, గేటు దాకా దొర్లుకొచ్చిన బకెట్‌ని కాలితో సరిచేసుకుని దాని మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. అంత దిగులు తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి ఒక పట్టాన ఆగలేదు. రసాయన ఎరువుల కొట్టాయన కూడా ఏమిటా అని తొంగిచూసి వెళ్ళాడు. తను తన్నులు తప్పించుకున్న సంగతి పాపం ఆయనకి తెలియదు.

"సరే, నవ్వితే వస్తాయా పోయినవి?" కళ్ళు తుడుచుకుంది ఎరువులమ్మ. "చూడు బాబూ. నీ తప్పు సగం, నా తప్పు సగం. కానీ మా అమ్మ వంశం నా చేతుల్లో అంతరించిపోతే పెళ్ళి చేసి సంబరపడే మనసు నాకుండదు. ఉన్నమాట చెప్తున్నా. ఆ వంశంలోవే గుప్పెడు బతికినవి తెచ్చి నా చేతిలో పెట్టు. ఆ క్షణమే పెళ్ళి మాట మాట్లాడదాం. బజారు పురుగులు నాకొద్దు."

"ఒక్కటీ మిగల్లేదంటున్నారు. ఇంకెక్కడ తేనండీ?"

"అమ్మా" అంది గడుగ్గాయి. "పెళ్ళి మాట అనుకున్న రోజు వాళ్ళక్కగారికి పూలమొక్కల కోసమని ఒక కుండ ఇచ్చావు కదే."

ఎరువులమ్మ బకెట్ మీద నుంచి లేచి నిలబడింది. డాక్టరు అప్పటికే ఫోన్ తీశాడు. అందరూ వినేలా స్పీకరు పెట్టాడు.

"ఏరా తమ్ముడూ" అంది అక్క.

"అక్కా, నీకు అత్తయ్యగారిచ్చిన వానపాముల కుండ ఉంది చూడు. దాంట్లో మన పేడ గానీ వేశావా?"

"ఛీ, ఇంట్లో పేడేంటి? అరటితొక్కలూ, వాడేసిన టీపొడీ వేస్తున్నా. ఎంత ఒళ్ళు చేశాయో చూద్దువుగాని. మూత తీస్తే గిలగిలలాడుతున్నాయి."

ఎరువులమ్మ డాక్టరు చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. గడుగ్గాయి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి ఊగిపోయింది. ఆ ఒక్క నిమిషం ఆ పెరట్లో పెళ్ళి అయిపోయినంత సందడిగా ఉంది.

"ఆ కుండ జాగ్రత్తగా పెట్టక్కా, ఇప్పుడే వస్తున్నాం."

"రండి. ఇక్కడే వరండాలో..." అక్క చెప్పుల చప్పుడు ఇటూ అటూ తిరిగింది. "ఉండు. ఇక్కడే ఉండాలే. రాత్రి కూడా తొక్కలు వేశాను." తలుపు తీసిన చప్పుడు. మళ్ళీ చెప్పులు. తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు. "ఒరేయ్. ఇవాళ చెరువు దగ్గర చేపల పోటీ కదా. మీ బావ పొద్దున గాలాలు సర్దుకుంటూ, ఎర లేదు, ఎర లేదని గొణుక్కుంటూ తిరిగాడు."

గడుగ్గాయి వ్యాను స్టార్ట్ చేసింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఎరువులమ్మ ముందు సీట్లోకి ఎక్కింది. మామగారూ, డాక్టరూ వెనక ఎరువు సంచుల మధ్య కూలబడ్డారు. వ్యాను మలుపులు తిరుగుతుంటే డాక్టరు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో బావగారికి ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉన్నాడు. బావగారు ఎత్తలేదు.

దారి డెయిరీ పక్క నుంచే పోతుంది. పాకలు కడిగిన నీళ్ళు పచ్చగా, రోడ్డు వెంట కాలవలో పారుతున్నాయి. ఆ కాలవ ఎక్కడికి పోతుందో డాక్టరు ఇవాళే చూశాడు. అది కూడా వ్యానుతో పాటు చెరువు వైపే వెళుతోంది.

"మామయ్యగారూ, ఆ నీళ్ళలో కూడా మందు ఉంటుందండీ."

"అయితే చెరువులో చేపలకి కడుపులో పురుగుల బెడద లేదన్నమాట."

"నవ్వకండి. నేను వైద్యం చేసే డెయిరీలన్నిటి సంగతీ ఇంతే. ఇకనుంచి పేడ పరీక్ష చేసి, పురుగులున్న పశువుకే పోస్తాను. మందు పడిన వాటి పేడా, కడిగిన నీళ్ళూ విడిగా గోతిలోకి పోవాలి. అక్కతోనే మొదలుపెడతాను."

"మొదలుపెడుదువుగాని బాబూ. ముందు పెళ్ళికొడుకుగా మిగులు."

అప్పుడు బావగారు ఫోన్ ఎత్తాడు. గొంతు బాగా తగ్గించి, రహస్యం చెప్తున్నట్టు మాట్లాడాడు. "మెల్లిగా మాట్లాడు బామ్మర్దీ. చేపలు బెదురుతాయి."

"బావగారూ, ఇప్పటిదాకా ఎన్ని గుచ్చారు?"

"ఒక్కటీ లేదు. ఈల వేస్తే గానీ మొదలుపెట్టకూడదు. ఇంకాసేపట్లో వేస్తారు."

డాక్టరు కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. ముందు సీట్లో వింటున్న ఎరువులమ్మ కూడా వదిలింది. "అయితే ఆ కుండ అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. మూత తియ్యకండి. వచ్చేస్తున్నాం."

"కుండ ఒళ్ళోనే ఉంది. ఖాళీది."

"ఖాళీదా?"

"మరి? ఎంత ఎర్రగా, ఎంత చురుగ్గా ఉన్నాయనుకున్నావు. ఇంత మంచి ఎర నేనొక్కణ్ణే వాడుకుంటే ఏం బాగుంటుంది? గట్టు మీద వచ్చినవాళ్ళందరికీ తలా కాసిని పంచిపెట్టాను. అందరూ ఒకటే మెచ్చుకోవడం. మీ అత్తగారికి నా తరఫున థాంక్స్ చెప్పు."

వ్యాను చెరువు గట్టెక్కి ఆగింది. నీళ్ళ చుట్టూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా, టోపీలు పెట్టుకున్న మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో గాలం కర్ర. ఒక్కొక్కరి పక్కన చిన్న డబ్బా. ప్రతి డబ్బాలోనూ ఎర్రగా, నిగనిగలాడుతూ, ఎరువులమ్మ వాళ్ళమ్మ వంశం మెలికలు తిరుగుతోంది. పోటీ పెద్దమనిషి స్టూలు మీద నిలబడి, ఈల నోటికి అందేంత దగ్గరగా పట్టుకుని, గడియారం చూసుకుంటున్నాడు.

ఎరువులమ్మ వ్యాను దిగి, జుట్టు గట్టిగా ముడివేసుకుంది.

"పెళ్ళి చేసుకోవాలని ఉందా నీకు?"

"ఉందండీ."

"అయితే నువ్వు ఆ చివర నుంచి రా. నేను ఈ చివర నుంచి వస్తా."

డాక్టరు రబ్బరు బూట్లతోనే పరుగందుకున్నాడు. నాలుగడుగులు కూడా పడకుండానే ఈల మోగింది. గట్టు పొడుగునా అన్ని చేతులూ ఒక్కసారిగా డబ్బాల్లోకి వెళ్ళాయి.